భూతద్దం గారి అమ్మాయికి బడి

అడక్కముందే టికెట్టు తీసి చూపించేవాణ్ణి నమ్మకూడదు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు గారికి ఇది వేదవాక్కు. అసలు టికెట్టు ఉన్నవాడికి తొందరెందుకుంటుంది? వాడు హాయిగా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. భుజం తడితే ఉలిక్కిపడతాడు, ఏ జేబులో పెట్టాడో గుర్తురాక నాలుగు జేబులూ తడుముకుంటాడు, చివరికి చొక్కా మడతలోంచి నలిగిన కాగితం ముక్క లాగుతాడు. ఆ కాగితాన్ని ఇన్‌స్పెక్టరు గారు పెద్దగా చూడను కూడా చూడరు. అలా కాకుండా, ఆయన ఇంకా మెట్టు మీద ఉండగానే "ఇదిగోండి సార్" అని చెయ్యి చాచి పళ్ళికిలించేవాడి దగ్గర మాత్రం నిన్నటి టికెట్టో, రెండు స్టేజీల వెనకే చెల్లిపోయిన టికెట్టో ఉంటుంది. ఆయన సర్వీసులో ఈ లెక్క తప్పిన సందర్భాలు లేకపోలేదుగానీ, అవి ఆయనకు గుర్తులేవు.

డిపోలో అందరూ ఆయన్ని చాటుగా భూతద్దం అంటారు. ఈ సంగతి ఆయన భార్యకు తెలిశాక చాటుగా అనాల్సిన అవసరం పోయింది. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు బిగిస్తుంది. "మా దుకాణంలో అన్ని నంబర్ల అద్దాలూ ఉన్నాయిగానీ మీ చూపుకు సరిపోయేది మాత్రం లేదండీ," అని ఇంటికొచ్చిన చుట్టాల ముందే అనేసింది ఒకసారి. ఆయన నొచ్చుకోలేదు. భూతద్దం అనడం ఆయనకు బిరుదిచ్చినట్టే ఉంది.

ఆ చూపు యూనిఫాంతో పాటు కొక్కేనికి తగిలించేది కాదు. ఒంట్లో బాగాలేక వెళితే, డాక్టరు గారు అడక్కముందే "కంగారు పడాల్సిందేమీ లేదు" అన్నారని కంగారు పడి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళిన మనిషి ఆయన. పెళ్ళి మాటల్లో కాబోయే మామగారు "మా అమ్మాయి నోట్లో నాలుక లేని పిల్ల" అన్నారని వారం రోజులు మథనపడ్డారట. ఆ అనుమానం మాత్రం నిజమైందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంతకూ ఆయన జీవితంలో ఆయన గర్వంగా చెప్పుకునే రోజు ఒకటుంది. ఆ సాయంత్రం ఆయనెక్కిన బస్సులో ఆయన కూతురు తన తరగతి పిల్లలతో కలిసి ఇంటికొస్తోంది. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు నవ్వి, "మన పాపేగా సార్, మీరు వెనకనుంచి చూసుకుంటూ రండి," అన్నాడు. ఆ మాటతో భూతద్దం గారికి ఒళ్ళు మండింది. నేరుగా కూతురి దగ్గరికే వెళ్ళి, అందరికంటే ముందు ఆ పిల్ల పాసే అడిగారు. పాసు మీద ఫొటో చూశారు, పిల్ల ముఖం చూశారు, మళ్ళీ ఫొటో చూశారు. వెలుతురుకు ఎత్తి ముద్ర చూశారు. అప్పుడు తిరిగిచ్చి, పక్క పిల్ల వైపు తిరిగారు. ఆ తర్వాత డిపోలో ఆ కథ చెప్పుకోని కండక్టరు లేడు. కన్నకూతుర్నే వదలని మనిషి మననేం వదులుతాడు అన్నారు. ఆ రోజు భోజనం దగ్గర ఆయన ఈ ముచ్చట చెబుతుంటే భార్య వడ్డించడం ఆపి కూతురి వైపు చూసింది. కూతురు తలెత్తకుండా తినేసి లేచిపోయింది. అలిసిపోయి ఉంటుందనుకున్నారు ఆయన.

ఆ పిల్లను చిన్నప్పుడు ఇంట్లో వసపిట్ట అనేవాళ్ళు. నిద్రలేచిన దగ్గర్నుంచి నోటికి తాళం ఉండేది కాదు. బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో, టీచరమ్మ చెప్పు ఎలా తెగిందో, ఎదురింటి కుక్క తన వైపు ఎలా చూసిందో, అన్నీ చెప్పాల్సిందే. ఇప్పుడు పద్నాలుగో ఏడు వచ్చింది. మాట తగ్గింది. పెద్దదైంది కదా, బుద్ధి కుదిరింది అనుకున్నారు భూతద్దం గారు. ఏ విషయాన్నీ అనుమానించకుండా వదలని మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఎందుకోగానీ అనుమానించలేదు.

ఆ ఏడాది పిల్ల రెండు పెద్ద ప్రైవేటు హైస్కూళ్ళకు ప్రవేశ పరీక్ష రాసింది. రెండింట్లోనూ సీటొచ్చింది. రెండూ చదువులో కఠినమైనవే. రెండింటికీ పిల్లల్ని పరీక్షల మీద పరీక్షలు పెట్టి అరగదీస్తారన్న పేరుంది. ఒకటి నదికి ఈవల, రాతి గోడలు, చిన్న కిటికీలు. దాన్ని అందరూ రాతిబడి అంటారు. రెండోది నది అవతల, ముందంతా అద్దాలే. అది అద్దాలబడి. శనివారం లోపల ఏదో ఒకదానికి మాటివ్వాలి, లేకపోతే రెండు సీట్లూ పోతాయి.

మొదట రాతిబడికి వెళ్ళారు ముగ్గురూ. పెద్ద మేష్టారు కుర్చీ చూపించలేదు. కళ్ళజోడు పైనుంచి పిల్లను ఎగాదిగా చూసి, "ఇక్కడ చదువు కష్టం. మొదట్లో ఏడుస్తుంది. అది మాకు చెప్పొద్దు," అన్నారు. ఇంకేమైనా అడగాలా అని కూడా అడగలేదు. బయటికొచ్చాక భార్య ముఖం మాడ్చుకుంది. భూతద్దం గారి ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చూశావా! ఒక్క మాట గొప్పగా చెప్పుకోలేదు. జేబులో టికెట్టున్నవాడి వాలకం అది."

"మర్యాద లేనివాడి వాలకం కూడా అలాగే ఉంటుందండీ," అంది భార్య.

అద్దాలబడిలో పెద్ద టీచరమ్మ గుమ్మం దాకా ఎదురొచ్చింది. కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. తర్వాత నవ్వుతూ, "మీరు అడక్కముందే చెప్పేస్తాను," అంది. భూతద్దం గారి వీపు నిటారైంది. "మా దగ్గర ప్రతి శనివారం పరీక్ష. ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని ఎక్కువ. లెక్కల మేష్టారు నిరుడు మానేశారు, కొత్తాయన ఇంకా కుదురుకోలేదు. ఇవన్నీ తెలిసి చేర్పిస్తేనే బాగుంటుంది."

దారిలో ఆయన ఒకటే గొణుగుడు. "లెక్కల మేష్టారి సంగతి మనం అడిగామా? లేదే. ఆవిడంతట ఆవిడే బయటపెట్టింది. అంటే దాని వెనక ఇంకేదో పెద్దది దాచిపెట్టినట్టే. నా చెవిలో పువ్వు పెడదామనుకుంటోంది."

"లోపం చెప్పినా దొంగేనా?"

"చిన్న తప్పు ఒప్పేసుకుని పెద్దది దాటించేవాళ్ళను నేనెంతమందిని చూశానో నీకేం తెలుసు."

పిల్లనడిగారు. "ఏదైనా పర్లేదు నాన్నా," అంది. మేజోళ్ళ రంగు దగ్గర కూడా పేచీ పెట్టే పిల్ల, బడి దగ్గర ఏదైనా పర్లేదంటుందా? ఆయన మనసులో పురుగు తొలవడం మొదలైంది.

రాతిబడి ఆయన డ్యూటీ రూటులోనే ఉంది. అందుకని బడి వదిలే వేళకు కావాలని ఆ స్టాపులోనే ఎక్కి ఆరా తీశారు. పిల్లలంతా వరసగా ఎక్కి, చప్పుడు చెయ్యకుండా కూర్చుని, పుస్తకాలు తెరిచారు. అందరి దగ్గరా పాసులున్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. "బడి ఎలా ఉంటుందమ్మా?" అని ఒక పిల్లనడిగితే, "బాగుంటుంది సార్," అంది. ఇంకో పిల్లాణ్ణడిగితే వాడూ అదే అన్నాడు, అదే గొంతుతో. మొదట సంతోషమేసింది ఆయనకు. రెండో రోజుకి సంతోషం పోయి అనుమానం పట్టుకుంది. ఇంతమంది పిల్లల్లో ఒక్కడైనా పాసు ఇంట్లో మరిచిపోడా? పుస్తకం మీద పడి నిద్రపోయే పిల్ల అయినా ఉండదా? యూనిఫాం వేసుకున్న మనిషికి ఎవరు మాత్రం బాగాలేదని చెబుతారు అని భార్య అన్నప్పుడు, ఆయనకు కాస్త చిన్నతనంగా అనిపించింది.

అద్దాలబడి వైపు బస్సులు వేరే డిపోవి. అక్కడ ఆయనకు అధికారం లేదు. తన వారపు సెలవు రోజున గళ్ళ చొక్కా వేసుకుని, టోపీ కిందికి లాక్కుని, మామూలు ప్రయాణికుడిలా వెనక సీట్లో కూర్చున్నారు. టికెట్టు కొనుక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. వంతెన ఇంకా రాకముందే, ముందు తలుపులోంచి ఆయన కూతురెక్కింది.

 స్నేహితురాలింటికి వెళ్ళి పుస్తకం ఇచ్చేసి వస్తానని చెప్పి వెళ్ళిన పిల్ల. ఆ స్నేహితురాలి ఇల్లు నదికి ఈవలే. భూతద్దం గారు పక్కాయన చేతిలోని పేపరు అడిగి తీసుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఎంతమంది దొంగ ప్రయాణికులు ఆయన్ని చూసి అదే పని చేశారో లెక్కలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

పిల్ల అద్దాలబడి స్టాపులో దిగింది. ఆయన తరవాతి స్టాపులో దిగి, పడుతూ లేస్తూ వెనక్కి నడిచొచ్చి, జిరాక్సు షాపు బోర్డు చాటున నిలబడ్డారు. ఎవరికోసం వచ్చింది? ఎవడైనా ఉన్నాడా? అందుకేనా "ఏదైనా పర్లేదు" అంది? బడి వదిలారు. పిల్లలు గుంపులుగా అరుచుకుంటూ బయటికొచ్చారు. కూతురు స్టాపు బెంచీ మీదనుంచి లేచి ఇద్దరు ఆడపిల్లల్ని పలకరించింది. వాళ్ళేదో అన్నారు. తనేదో అడిగింది. అంతే, చేతులు తిప్పుకుంటూ మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆపితేగా! మధ్యలో నవ్వు. రోడ్డవతలికి వినబడేంత నవ్వు. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. ముక్కూ ముఖం తెలియని పిల్లలతో అంత వాగే మాటలు దీని దగ్గర ఉన్నాయా? మరి మాకెందుకు లేవు? ఆయనకు అనుమానం కంటే ముందు ఈర్ష్య కలిగింది, ఈర్ష్య కలిగిందని తెలియక దాన్ని కూడా అనుమానమే అనుకున్నారు.

ఇంటికొచ్చాక బస్సులో అడిగినట్టే అడిగారు. కోపం చూపించకుండా, గోళ్ళు చూసుకుంటూ.

"ఇవాళ ఎక్కడెక్కడికి వెళ్ళావమ్మా?"

పిల్ల తండ్రి ముఖం వైపు చూసింది. "పుస్తకం ఇచ్చేసి అద్దాలబడికి వెళ్ళాను."

నీళ్ళు నములుతుందని ఎదురుచూసిన మనిషి కాస్త తడబడ్డారు. "అక్కడికెందుకు?"

"ఎలా ఉందో చూద్దామని. అక్కడ చదివే వాళ్ళనడిగాను. మొన్న రాతిబడికి కూడా వెళ్ళొచ్చాను."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

 పిల్ల నెమ్మదిగా అంది. "ముందే చెబితే ఎందుకు చెబుతున్నావని అడుగుతావు. అడిగాక చెబితే ఇప్పటిదాకా ఎందుకు దాచావంటావు. నన్నేం చెయ్యమంటావు నాన్నా?"

  వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న భార్య కల్పించుకుంది.

"ఇది ఇల్లండీ, డిపో కాదు. దానికేది కావాలో సూటిగా అడగండి, నేనూ వింటాను."

"ఏది కావాలి?"

"రెండూ ఒకటే నాన్నా. రెండుచోట్లా మంచి టీచర్లున్నారు. రెండుచోట్లా చదివి చావాల్సిందే." చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "నాకు అద్దాలబడి కావాలి."

"రెండూ ఒకటే అయితే అదెందుకు? అంత దూరం, నది దాటి పోవాలి. ఎందుకూ? ఏదో ఉంది. చెప్పు."

"ఆ బస్సులో నువ్వెక్కవు నాన్నా."



"ఆ రోజు నా పాసు తీసుకున్నావు గుర్తుందా," అంది పిల్ల.  "ఫొటో చూశావు. నన్ను చూశావు. మళ్ళీ ఫొటో చూశావు. మా క్లాసు వాళ్ళంతా నవ్వారు. నవ్వితే నవ్వారులే. కానీ నువ్వు నిజంగానే చూశావు నాన్నా. ఎవరో తెలియనట్టు చూశావు. నాకు భయమేసింది. ఇది నేను కాదేమో అనిపించింది."

ఆయన జన్మలో గర్వంగా చెప్పుకునే రోజు అది. ఎంతమందికి చెప్పారో! డిపోలో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఆ పిల్ల ఎదురుగానే ఎన్నిసార్లు! చెప్పిన ప్రతిసారీ పిల్ల అక్కడే కూర్చుని విన్నది.  భూతద్దం గారు చెప్పులు కూడా వేసుకోకుండా బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు.

కాసేపటికి భార్య వచ్చి పక్కన నిలబడింది. ఓదార్చలేదు. ఆవిడకా అలవాటు లేదు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగారు.

"ఆ రోజు అన్నం దగ్గరే తెలిసింది. మీకు చెబితే, అది నాతో ఎందుకు చెప్పించిందని దాన్నే నిలదీసేవారు."

 కింద రోడ్డు మీద బస్సు పోతుంటే అలవాటుగా నంబరు చదివారు.

"ఆ టీచరమ్మ అడక్కముందే..." అని మొదలుపెట్టబోయారు.

"మా దుకాణానికి వచ్చేవాళ్ళంతా అడక్కముందే చెబుతారండీ, సరిగా కనబడట్లేదమ్మా అని. నేను వాళ్ళనేం అనుమానించను. అద్దాలు పెట్టి చూస్తాను, అంతే." ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు డ్యూటీలో బస్సు రాతిబడి ముందు ఆగింది. భూతద్దం గారు ఆ గోడల వైపు చూస్తూ తనను తాను నిలదీసుకున్నారు. ఆ పెద్ద మేష్టారి పొగరు నిజంగా నచ్చిందా? నచ్చలేదు. కుర్చీ కూడా చూపించని మనిషి ఎవరికి నచ్చుతాడు? మరి ఎందుకు ఆ బడి వైపు అంత మొగ్గు? పిల్ల రోజూ సాయంత్రం ఈ స్టాపులోనే ఎక్కుతుంది. తను రోజూ చూడొచ్చు. ఎవరితో ఎక్కింది, ఎవరి పక్కన కూర్చుంది, ఏ ముఖంతో ఉంది, అన్నీ. కంటికి రెప్పలా కాచుకుంటున్నానని అనుకున్నారు ఇన్నాళ్ళూ. ఆ రెప్ప కింద పిల్లకు ఊపిరాడలేదని ఇప్పుడు తెలిసింది. ఒక్క మాటంటే చాలు, అది రాతిబడికే వస్తుంది. ఎదురు చెప్పే పిల్ల కాదు. ఏదైనా పర్లేదు నాన్నా అంటుంది. ఆ మాట తలచుకుంటేనే భయమేసింది ఆయనకు. ఆ రోజు ఆ బస్సులో ఆయన ఎవరి టికెట్టూ అడక్కుండా దిగిపోయారు. కండక్టరు ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడ్డాడు.

శనివారం అద్దాలబడికి ఒక్కరే వెళ్ళారు. పెద్ద టీచరమ్మ మళ్ళీ ఎదురొచ్చింది, మళ్ళీ మంచినీళ్ళిచ్చింది. "ఇంకా ఏమైనా అడగాలంటే నిరభ్యంతరంగా అడగండి," అంది. ఆయన దగ్గర ప్రశ్నలకు కొదవ లేదు. లెక్కల మేష్టారు ఎందుకు మానేశారు? మానేశారా, మాన్పించారా? ముందంతా అద్దాలెందుకు? వెనకేముంది? ఆవిడ అంత నవ్వుతుందెందుకు? అన్నీ నాలుక చివరికొచ్చాయి.

"ఏమీ లేదండీ," అన్నారు, మింగలేక మింగుతూ.

"ఏమీ లేదా?" ఆవిడ ఆశ్చర్యపోయింది. తల్లిదండ్రుల్లో ప్రశ్నలు లేని మనిషిని చూడటం ఆవిడకూ అనుమానంగానే ఉన్నట్టుంది.

బడి తెరిచిన రోజు పొద్దున, పిల్లతో పాటు స్టాపు దాకా నడిచారు. డ్యూటీ యూనిఫాం వేసుకోలేదు. అది ఎవరూ చెప్పకుండానే తోచింది.  స్టాపులో నిలబడ్డాక పిల్ల సంచీ జిప్పు తీసి, కొత్త పాసు బయటికి తీసి, ఆయన ముందు చాపింది.

"ఇదిగో నాన్నా. ఫొటో బాగా వచ్చింది, చూడు."

అడక్కముందే.

చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. వేళ్ళు పాసు అంచును తాకాయి. ఇన్నేళ్ళ అలవాటు, దాన్ని వెలుతురుకు ఎత్తమంటోంది, ముద్ర చూడమంటోంది, ఎందుకు చూపిస్తోందో అడగమంటోంది. పిల్ల ఆయన చేతినే చూస్తోంది.  అప్పుడు ఆయనకు అర్థమైంది, తనిఖీ చేస్తున్నది ఎవరో.

పాసు ఆ పిల్ల వేళ్ళలోనే ఉంచి, చేతిని వెనక్కి తీసుకుని, దాని తల మీద పెట్టారు.

"ఫొటో ఎందుకురా తల్లీ, నువ్వే ఉన్నావుగా," అన్నారు. "లోపల పెట్టుకో, బస్సొస్తోంది."

పిల్ల ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదులుతుంటే తల బయటికి పెట్టి, ఆ బెంచీ దగ్గర కలిసిన అమ్మాయి కూడా ఇదే బస్సులో ఉందనీ, దాని పక్కనే కూర్చున్నాననీ, సాయంత్రం వచ్చాక అంతా చెబుతాననీ గట్టిగా అరుస్తూనే ఉంది. సగం మాటలు ఇంజను చప్పుడులో కలిసిపోయాయి. భూతద్దం గారు ఒక్కటీ అడగలేదు. వినబడినంత మేర విన్నారు.